ఇన్నాసమ్మ కడుపులో పడ్డ మాట

బాలశౌరి ఉన్నాడే, మన గుడిలో ముందు వరసలో కూర్చుని పాట ఎత్తుకోకముందే దగ్గుతాడే, ఆయన. ఒక ఆదివారం పూజ అయ్యాక ఏమైందంటే, నర్సు చదువుకునే పిల్ల ఒకతి ఫాదర్‌గారిని ఆపి అడిగిందంట, ఏం ఫాదర్, ఆడోళ్ళు సిస్టర్లవుతన్నారు, ఫాదర్లెందుక్కారు అని. ఫాదర్ పాపం కుర్రోడు. నిదానంగా, అమ్మా, ఏసుసామి పన్నెండుమంది మగోళ్ళనే పిలుచుకున్నాడు, శ్రీసభ దాన్నే పట్టుకునొస్తంది, మార్చే అధికారం మాకు లేదంటంది రోము, అన్నాడంట. ఆ పిల్ల ఊరుకుంటదా, మరి ఏసుసామి సమాధిలోంచి లేచినాక ముందు కనపడింది ఆడమనిషికే గదా, పోయి అందరికీ చెప్పమంది ఆమెకే గదా అంది. ఇది కూర్చుని మాట్లాడుకునే మాటమ్మా అని ఫాదర్ అంటానే ఉన్నాడు, మన బాలశౌరి కండువా దులుపుకుని లేచాడు. "అంత దూరం ఎందుకు, నే చెప్తా వినండి. మనం పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం ఆడది విందనుకో, పొద్దున విన్నది మాపటికల్లా కుళాయి కాడ ఉండిద్ది" అన్నాడు. మగోళ్ళు పడీపడీ నవ్వారంట. ఆడోళ్ళూ నవ్వారనుకో, ఏం చేస్తారు. ఇన్నాసమ్మ మాత్రం నవ్వలా. ఆమె బాలశౌరికి వరసకి వదిన, మొగుడు పోయినాక వాగొడ్డున పాకేసుకుని గేదెల్ని చూసుకుంటా ఒక్కతే ఉండిద్ది.

సరే, వానలు పడ్డాయి. బాలశౌరి గట్టు మీద గడ్డి కోస్తా ఉంటే కాలికి చురుక్కుమంది. చూస్తే పాము తోక బోదె కాలవలోకి జారిపోతంది. కట్లపామే అని ఆయనే తేల్చేసుకున్నాడు. చచ్చాన్రో అని కేకలు పెడితే చేలల్లో వాళ్ళొచ్చి ఇన్నాసమ్మ పాకలోకి మోసుకుపోయారు. ఆస్పత్రేమో వాగవతల, ఫాదర్ ఉండేదీ వాగవతలే, వాగేమో పొర్లతంది. ఆయన పెళ్ళాం తెరేజమ్మ ఏడుస్తా, మగోళ్ళు అరుస్తా, అందరూ వాగు కాడికి పరిగెత్తారు. పాకలో మిగిలింది ఇన్నాసమ్మా, ఈయనా. చెమటలు, దడ, నాలిక పిడచకట్టటం, అన్నీ వచ్చేశాయంట ఆయనకి. "వదినా, ఫాదర్ రాలేడు. పాపాలతోనే పోతన్నా" అని ఒకటే ఏడుపు. ఆమె, పాపాలకి నొచ్చుకునే మనస్తాప జపం చెప్పుకో శౌరీ, దేవుడు వింటాడు అంది. లేదు వదినా, ఒక మనిషికి చెప్పుకోకుండా పోలేను, నువ్విను అన్నాడు. "నేనేమన్నా ఫాదర్‌నా? క్షమించే అధికారం నాకు లేదు. వినమంటే వింటా, అంతవరకే" అంది. చెప్పుకో అని పక్కన కూర్చుంది.

ఇంక మొదలెట్టాడు. ఏం చెప్పాడంటారా? అన్నీ నాకేం తెలుసు, ఒక్కటి తెలుసు. ఏమైందంటే, నాలుగేళ్ళ కింద వేరే ఫాదర్ ఉన్నప్పుడు, ఆయన, ఇన్నాసమ్మ బాగా చదివిద్ది, గుడిలో బైబిలు పఠనం ఆమెతో చదివిద్దాం, మంచాన పడ్డోళ్ళ ఇళ్ళకి పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం కూడా తీసుకుపోనిద్దాం అనుకున్నాడు. బిషప్పుగారు కూడా సరేనన్నాడు. ఈలోపల ఎవరో ఆ ఫాదర్ చెవిలో ఊదారు, ఆమెను ఇళ్ళల్లోకి పంపితే ఏ ఇంటి గుట్టూ దాగదయ్యా అని. అంతే, ఆపేశారు. ఆ మాట ఎట్టనో ఊళ్ళోకి పాకింది. అప్పటి నుంచీ నలుగురాడోళ్ళు కూర్చున్న కాడికి ఇన్నాసమ్మ పోతే మాట ఆపేసేవాళ్ళు. ఒక మనిషికి అంతకంటే శిక్షేం కావాల, చెప్పండి. ఆ ఊదింది ఈయనే. వదిన పైన నిలబడి చదువుతంటే నేను కింద కూర్చుని వినాలా అని కడుపుమంట. ఆ సంగతి ఆమెకే చెప్పి కళ్ళు మూసుకున్నాడు. ఇన్నాసమ్మ చేతిలో తడిగుడ్డ పిండింది, మళ్ళీ పిండింది, నీళ్ళయిపోయినా పిండతానే ఉంది. తర్వాత దాన్ని ఆయన నుదుటి మీద వేసి, "ఇంకేమన్నా ఉన్నాయా శౌరీ" అంది. ఉన్నాయంట, అవీ చెప్పాడు.

మధ్యానానికి వాగు తగ్గింది, ట్రాక్టర్ మీద ఆస్పత్రికి తీసుకుపోయారు. డాక్టరు కాలు చూసి, పాము ఎట్టా ఉందో అడిగి, సాయంత్రం దాకా మంచం మీదే ఉంచి, "నీరుకట్టె కరిచిందయ్యా. దానికి విషం లేదు, ఇంటికి పో" అన్నాడు. ఊరంతా నవ్వుకున్నారు, ఆయనకి మాత్రం నవ్వు రాలా. చచ్చిపోతానని గదా అన్నీ చెప్పింది, ఇప్పుడు బతికి కూర్చున్నాడే. కుళాయి కాడ ఇద్దరాడోళ్ళు నవ్వుకుంటంటే నా గురించే అనుకునేవాడంట. ఇన్నాసమ్మకి సొరకాయ పంపాడు, తీసుకుంది. కోడిని పంపాడు, ఏం పండగని అని తిప్పి పంపింది. తెరేజమ్మకి అనుమానమొచ్చింది, వదినకి కోళ్ళు పంపటమేందని. చక్కా పోయి, అక్కా, ఆ రోజు మా ఆయన నీకేం చెప్పాడు అని అడిగింది. ఈయన వెనకాలే పోయి దడి చాటున నిలబడ్డాడు, గుండెకాయ చేతబట్టుకుని. "జపం చెప్పాడమ్మా, సగంలో తప్పు కూడా చెప్పాడు" అంది ఇన్నాసమ్మ. అంతే అంది. ఆ మాట విని ఆయన ఇంటికి పోయి అన్నం కూడా తినలేదంట. తింటాడా మరి? ఒక్కమాట నోరు జారితే ఆమె పేరు నిలబడిద్ది, ఈయన పేరు పోయిద్ది. జారలా.

ఆ ఆదివారం ఫాదర్ ప్రకటనలు చదవటం అయిపోయింది, బాలశౌరి లేచాడు. ఈసారి దగ్గలా. "ఇన్నాసమ్మ వదిన మీద ఆనాడు ఫాదర్‌గారికి చెప్పింది నేనే. అది అబద్ధం. నా పాపాలన్నీ ఆమె కడుపులో ఉన్నాయి, అందులో ఇది కూడా ఉంది. నా నోటితో విన్నాక కూడా, మీరందరూ ఆమెను చూసి మాట ఆపేస్తంటే, ఆమె చెప్పలా" అన్నాడు. ఫాదర్ ఇన్నాసమ్మ వంక తిరిగి, నిజమేనామ్మా అన్నాడు. ఆమె లేచి, కొంగు సవరించుకుని, "నన్నడుగుతారేంది ఫాదర్? చెప్పేది ఆయన గదా, ఆయన్నే అడగండి" అని కూర్చుందంట.

ఇప్పుడు పఠనం ఆమే చదివిద్ది, మంచాన పడ్డోళ్ళ ఇళ్ళకి ఆమే పోయిద్ది. ఆ నర్సు పిల్ల ఊరుకోదుగా, బాలశౌరిని ఆపి, ఏం తాతా, మరి ఆడోళ్ళు ఫాదర్లు కావచ్చా అంటే, "రోమోళ్ళ సంగతి రోమోళ్ళు చూసుకుంటారు. నన్ను మళ్ళీ పాము కరిస్తే మాత్రం ఫాదర్ కోసం వాగు కాడికి పరిగెత్తమాకండి" అన్నాడంట. ఫాదర్ కూడా నవ్వాడు. నవ్వాడే గానీ ఏమన్లా, ఆయనా ఉజ్జోగం చేసుకోవాలిగా. తెరేజమ్మకే ఇంకా నిద్ర పట్టట్లా, మిగతా పాపాలేందో తెలవక. నాకూ ఉండబట్టక మొన్న పోయి ఇన్నాసమ్మని అడిగా, తెరేజమ్మ కోసమే లేండి. గ్లాసు నిండా మజ్జిగిచ్చి, తాగిందాకా గేదె సంగతులు చెప్పి, పంపేసింది.