మూడు జతలూ లీకే

న్యూజిలాండ్‌లోని పాపకూరలో నడి చలికాలపు జూలై సాయంత్రం. ఒంటినిండా నీరు చొరని డైవింగ్ డ్రై సూటు, చేతులకు నల్లరబ్బరు గ్లవ్స్ తొడుక్కుని సింకు ముందు నిలబడ్డ భర్త అబ్రహాంను చూస్తే, పెళ్లయ్యాక ఇంత ముచ్చటైన దృశ్యం మరొకటి విమలకుమారికి గుర్తు రాలేదు.

“ఇది కూడా లీకే విమలా! చెయ్యంతా తడి.”

“అప్పుడేనా? బిర్యానీ గిన్నె సగమే అయింది.”

“నేను గ్లవ్స్ టెస్ట్ చేస్తున్నానా, అంట్లు తోముతున్నానా?”

“నీళ్లలో వేళ్లు ఆడిస్తేనే కదండీ తెలిసేది. టౌపో సరస్సులో చేతులు కట్టుకుని కూర్చుంటారా? ఇంకాస్త ఐసు వెయ్యనా?”

“వద్దు, వద్దు. ఈ నీళ్లేంటి, ఇంత పచ్చగా ఉన్నాయి?”

“కూర గిన్నెలు కదా. అడుగు బాగా రుద్దండి.”

“షాపువాడు ఏమన్నాడు? లోపల ఉన్ని గ్లవ్, పైన రబ్బరు గ్లవ్, ఈ రింగు సూటుకి బిగిస్తే చుక్క నీరు రాదన్నాడు. ట్రయల్‌కి మూడు జతలిచ్చాడు. మూడూ లీకే! వీటితో శనివారం దిగితే వేళ్లు కొయ్యబారిపోవూ?”

“పాపం. పోనీ మానేస్తారా?”

“మానెయ్యడమా! ఎలా మానేస్తాను? చలికాలం డైవింగ్ అంటే గుండె ఉండాలని గ్రేయమ్ ఆఫీసంతటి ముందూ అన్నాడు. మేనేజరు కదా, నేనూ రెడీ అనేశాను.”

“ఆ గ్రేయమ్ మాత్రం ఇంతకుముందు ఎప్పుడు దిగాడు?”

“ఆయనకీ ఇదే మొదటిసారి. అయినా ఇక్కడే పుట్టిన కివీ కదా, వాళ్లకి భయముండదు.”

“సరే, ఆఫీసులో అన్నారు. ఆదివారం చర్చిలో లేచి ప్రార్థన విన్నపం ఎందుకిచ్చారు?”

“నోరు జారింది.”

“‘సహోదరులారా, అగాధ జలాల్లోకి దిగబోతున్నాను’ అన్నారు. కోటేశ్వరమ్మ ఆంటీ ఏడ్చేసింది. శనివారం మీకోసం ఉపవాసం ఉంటుందట.”

“షుగరు మనిషి, ఆవిడకెందుకు ఉపవాసాలు?”

“అదే చెప్పాను. వినలేదు.”

“చూడు విమలా, నా అంతట నేను మానేస్తే తప్పు. గ్లవ్స్ లీకయితే నేనేం చెయ్యను? దేవుని చిత్తం.”

“ఓహో. దేవుని చిత్తమా?”

“అంటే... సేఫ్టీ ముఖ్యం కదా. ఎవరూ ఏమీ అనరు.”

“ఏదీ, చెయ్యిలా ఇవ్వండి. రింగు విప్పుతాను. ఆ ఉన్ని గ్లవ్ తియ్యండి.”

“చూడు, చూడు! తడిసి ముద్దయింది.”

“తడే. కానీ తెల్లగా ఉందే?”

“ఉన్ని తెల్లగా కాక ఇంకెలా ఉంటుంది?”

“సింకులో పసుపు కలిపానండీ. మొదటి జతప్పట్నుంచీ. నీళ్లు లోపలికొస్తే ఇది పచ్చబడాలి.”

“మరి ఈ తడేమిటి?”

“రోజంతా రెస్ట్‌హోంలో ముసలాళ్లకి సేవ చేస్తూ గ్లవ్స్ వేసుకునే చేతులు నావి. చెమట పడితే నాకు తెలీదా?”

“వేడికి పట్టింది! ఈ సూటు వేడి.”

“ఐసు నీళ్లలో?”

“...ఎవరికీ చెప్పకు విమలా.”

“చెప్పను. మరి శనివారం?”

“భయమేస్తోందే. నిజంగా. ట్రైనింగులో స్విమ్మింగ్ పూల్‌లోనే ఊపిరాడలేదు నాకు. కానీ గ్రేయమ్‌కి ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆఫీసులో పరువేముంటుంది?”

“మధ్యాహ్నం వాళ్లావిడ ఫోన్ చేసింది.”

“గ్రేయమ్ భార్యా? ఎందుకు? ఏమంది?”

“వాళ్లాయన కూడా గ్లవ్స్ తొడుక్కుని సింకు వదలడం లేదట. ఏ జత వేసినా లీకే అంటున్నాడట.”

“నిజమా! నువ్వేమన్నావు?”

“పసుపు దొరికే షాపు చెప్పాను. ఇందాకే మళ్లీ చేసింది. తెల్లగానే ఉందట.”