కోట బాయికాడి డప్పు

దొరకోట ఎన్కనున్న పాడుబాయి మీకెరుకే గదా. ఇప్పుడంటే ఆ అడివంత పార్కయింది, పట్నపోళ్లు జీపులల్ల వచ్చి దుప్పులను సూసి, కోటముంగట ఫొటోలు దిగి పోతరు గని, పొద్దు వాలినంక ఆ బాయిదిక్కు గార్డు సుత పోడు. ఎందుకు పోడు? నిమ్మలంగ కూసోండ్రి, చెప్త.

మా తాతల కాలంల దొర వేటకొస్తే మనోళ్లే హాకాకు పోవాలె. హాకా అంటే ఇంకేం లేదు, పొదలల్ల జొచ్చి, కేకలేసుకుంట పులిని దొర తుపాకి ముంగటికి తోలుడు. పొదల కదిలేది పులో మనిషో ఎట్ల తెలుస్తది? గందుకని ఒక కట్టుబాటు ఉండె. బాయిగడ్డ మీద డప్పు మోగుతున్నంతసేపు లోపల మనోళ్లున్నట్టు, పొదలకు తుపాకి పేల్చొద్దు, బయలుకొచ్చినదాన్నే కొట్టాలె. అందరు బయటికొచ్చినంకనే డప్పు ఆపాలె.

ఆ డప్పు గట్టయ్యది. ఆయన తమ్ముడు సాయిలు హాకాల ఉండె. తల్లి సచ్చినకాడికెల్లి గట్టయ్యే సాకిండు, పాణమంత వాని మీదనే.

ఆ దినం పులి బయలుకొచ్చింది, దొర కొట్టిండు, కొట్టి సంబురంల, ఆ డప్పోణ్ని పులి ముంగట కొట్టుమనుండ్రి అని కబురంపిండు. మా తమ్ముడింక రాలే, జరసేపు ఆగుండ్రి అని గట్టయ్య కాళ్లమీద పడ్డడట. ఇనేటోడైతే దొరెందుకైతడు? జీతగాండ్లు రెక్కవట్టి గుంజిండ్రు, డప్పు ఆగింది. అయ్యో, నన్ను ఇడిసిపెట్టి పోతున్నరని సాయిలు పొదలల్లకెల్లి ఉరికిండు, ఇంకో పులి ఉన్నదని మంచెమీదున్న దొర బామ్మర్ది పేల్చిండు. పైంగ ఏమన్నరు? డప్పాగింది గదా, మా తప్పేంది అన్నరు. ఇప్పటికీ చెప్తుంటే దుఃఖమొస్తది నాకు.

తమ్ముణ్ని మట్టిచేసి వచ్చి గట్టయ్య మళ్ల బాయిగడ్డ మీద కూసున్నడు, డప్పందుకున్నడు. వాడు బయటికొస్తెనే ఆపుత అన్నడట. ఎవ్వలు లేపినా లేవలే, బువ్వ ముట్టలే, కొట్టుకుంట కొట్టుకుంటనే ఒరిగి బాయిల పడ్డడు. డప్పు మాత్రం ఆగలే.

దొరలు పోయిండ్రు, కోట గోడలు కూలినయి, దుప్పులు కోట లోపలికే వచ్చి మేస్తున్నయి. పొద్దుగూకే యాళ్ల బాయిలకెల్లి డప్పు ఇనొస్తదని గార్డు రాజలింగమే చెప్పిండు నాకు. దుప్పులు తలెత్తి ఇంటయట, బెదరయట.

గట్టయ్య ఎవ్వలకు కీడు చెయ్యడు, ఆ డప్పుకు భయపడేది లేదు. అయినా పొద్దు వాలినంక అటు పోకుండ్రి. మోగినంతసేపే మీరు మనుషులు. ఆగిందంటే, లోపలున్నోణ్ని మనిషని ఎవ్వలనుకోరు.