నర్సింగమ్మ ఏరిన బాల్

మోత్కూర్ బస్టాండు పక్కన శ్రీశైలం చాయ్ హోటల్ ముందు రెండు బెంచీలు ఉంటాయి. సాయంత్రమైతే మగవాళ్లు వాటి మీద కూర్చుని తాము తవ్వని బావుల గురించీ, తాము గెలిపించని సర్పంచుల గురించీ చెప్పుకుంటారు. దాన్ని కాలక్షేపం అంటారు. అదే పని ఆడమనిషి చేస్తే నోరు పెద్దదంటారు. నర్సింగమ్మకు ఆ తేడా తెలియక కాదు, లెక్కలేక, బెంచీ నడిమధ్యన కూర్చుంది. చాయ్ సాసర్లో పోసుకుని గొంతు సవరించుకుంది.

అత్త మొదలుపెట్టబోతోందని శ్రీలతకు అర్థమైంది.

నర్సింగమ్మ శ్రీలతకు మేనత్త. మగ్గాలకు పని తగ్గిన ఏడు పట్నం పోయి, ఊరవతల గోల్ఫు మైదానంలో కలుపు తీసే పనికి కుదిరింది. ఇప్పుడు అక్కడే ఆడేవాళ్ల వెంట కర్రల బ్యాగు మోస్తుంది, ఎవరికి ఏ బాల్ పనికొస్తుందో ఏరి అందిస్తుంది. అమ్మాయిలను కూడా ఆ పనిలోకి తీసుకుంటున్నారని తెలిసి, రేపు పొద్దున మేనకోడలిని వెంట తీసుకుపోవడానికి వచ్చింది. శ్రీలత బట్టలు సర్దుకుని కూర్చుంది. తండ్రి రామచంద్రం మాత్రం వారం నుంచి "చూద్దాం" అంటున్నాడు. ఆయన "చూద్దాం" అన్న దేన్నీ మళ్లీ చూసింది లేదు.

ఆయన ఇప్పుడు ఎదురు బెంచీ చివర, మగ్గం ముందు కూర్చున్నంత నిటారుగా కూర్చుని చాయ్ ఊదుకుంటున్నాడు. బాపును బువ్వకు పిలిచే వంకతో వచ్చిన శ్రీలత గుంజకు ఆనుకుని నిలబడింది. అత్త నాలుగు నమ్మే మాటలు చెబితే బాపు మెత్తబడతాడేమోనని ఆశ. కానీ అత్త నోట నమ్మే మాటలు రెండుకు మించి రావు. మూడోదానికి రెక్కలు మొలుస్తాయి.

"పెద్ద ముచ్చటేం గాదు గని," అంది నర్సింగమ్మ, "మా డాక్టరమ్మ ఉన్నది గదా, అరవై దాటినయి, చెయ్యి మెత్తన. ఆమె కొడితే బాల్ చెరువు దాటకపోతుండె. నేనన్న, అమ్మా, తప్పు నీ చేతుల లేదు, బాల్‌ల ఉన్నది అని. అన్ని బాళ్లు ఒక్కతీరే అనుకుంటరు మీరు. గాదు. జోరుగ ఊపెటోనికి గట్టి బాల్ గావాలె, మెల్లగ ఊపెటోళ్లకు మెత్త బాల్. మెల్లటి దెబ్బకు గట్టిది నిద్రనే లేవది. నేను మెత్తది ఏరిచ్చిన. చెరువు దాటింది. గంతే."

"బాగనే ఉన్నది," అన్నాడు శ్రీశైలం గ్లాసులు కడుగుతూ.

శ్రీలత ఊపిరి పీల్చుకుంది. ఇక్కడితో ఆపితే చాలు. కానీ పక్కూరి రైతు మైసయ్య ఉన్నాడు. ఆరిన పొయ్యిని కూడా ఊది మంట లేపే రకం.

"గింతేనా అక్కా? దీనికేనా పట్నం పోయింది?"

"గంతే అంటె గంతేనా మైసన్నా. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఒక సేటు ఉన్నడు, ఎట్ల కొట్టినా ఆయన బాల్ కుడిదిక్కే వంకర పోతది. బాల్‌కు పైతోలు రెండు తీర్లు ఉంటది, జిగట తోలుదైతే మస్తు తిరుగుతది, నున్నటి తోలుది తక్కువ తిరుగుతది. వంకర కొట్టెటోనికి తిరుగుడు ఎంత తక్కువుంటే గంత మేలు. నున్నటిది ఇచ్చిన, సగం వంకర పోయింది. మరి మిగిలిన సగానికి ఏం చెయ్యాలె? మన పడుగుకు పెట్టినట్టే గంజి పెట్టిన. గంజి పెట్టి, కుంచె కొట్టి, ఎండకు ఆరబెట్టిన. సేటు కొట్టిండు. ఎంత చక్కగ పోయిందంటె గాలిల గీత పడ్డది. ఆ గీత పట్టుకొనే తోట మాలీలు పైపులైను ఏసిండ్రు, ఇప్పటికి దాంట్ల నీళ్లు పోతానయ్."

"గాలిల గీత ఎంతసేపున్నదే?" అడిగాడు శ్రీశైలం.

"గంజి తడి ఆరేదాక."

శ్రీలత కళ్లు మూసుకుంది. తెరిచేసరికి బాపు గ్లాసు నోటి దగ్గరే ఆగి ఉంది.

"ఇంకో పెద్దసారు ఉన్నడు," అత్త ఊపందుకుంది, "ఆయన కర్ర ఊపితే పక్కన చెట్లు ఆకులు రాలుస్తయి. గసుంటి ఊపుకు మెత్త బాల్ ఇస్తే అప్పచ్చి అయితది, అందుకని ఉన్నవాట్లల్ల గట్టిది ఏరిచ్చిన. పొద్దుగాల కొట్టిండు. మేము ఉప్మా తిన్నం, చాయ్ తాగినం, బాల్ ఇంక పడలే. సారు విమానాలోళ్లకు ఫోన్ చేసి, మా బాల్ పైన ఉన్నది జర చూసి పోనియ్యుండ్రి అని చెప్పిండు. పగటాలకు పడ్డది. పడ్డప్పుడు సలికి గజగజ వణుకుతాంది. నా కొంగున చుట్టుకొని ఎండల కూసున్న, అప్పుడు దారికొచ్చింది."

మైసయ్య తొడ చరుచుకుని నవ్వాడు. రామచంద్రం నవ్వలేదు.

"గిదంత ఒకెత్తు, తిరుగుడు బాల్ ఒకెత్తు. జెండా గుంత కాడ ఆగాలంటె జిగట తోలుదే గావాలె. ఒక పిల్ల, మన శ్రీలత ఈడుది, నున్నగ కొడతది. ఆమెకు మస్తు తిరిగేది ఇచ్చిన. పడ్డ కాడనే తిరుగుడు పట్టింది. తిరిగి తిరిగి భూమిలకు దిగింది. ముందుగాల మట్టి లేచింది, ఎనక రాతిపొడి లేచింది, పొగ లేచింది, ఆ తర్వాత ఏం లేచిందో ఎరుకేనా? నీళ్లు. రెండించుల నీళ్లు. ఫ్లోరైడు లేని నీళ్లు."

ఈ జిల్లాలో నీళ్ల మాట వస్తే అబద్ధమని తెలిసినా ఒక్క క్షణం ఎవరూ నవ్వరు. తన చెలకలో వేసిన బోర్లన్నీ దుమ్ము కక్కినవే అయిన మైసయ్య చివరికి గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఆ పిల్లను తోలుకొచ్చి మా చెల్కల ఒక్క బాల్ ఏపియ్యరాదే."

అందరూ నవ్వారు. శ్రీలత మాత్రం సర్దిన బట్టలన్నీ మనసులోనే ఒక్కొక్కటే బయటికి తీస్తోంది.

రామచంద్రం గ్లాసు కింద పెట్టాడు.

"అక్కా."

"ఏం తమ్మీ?"

"డాక్టరమ్మ బాల్ చెరువు దాటిందంటివి."

"దాటింది."

"నీళ్లల్ల పడ్డది గదనే."

నర్సింగమ్మ సాసరు పెదవుల దగ్గర ఆగింది.

"ఆనాడు నువ్వే నాకు ఫోన్ చేసినవ్. తమ్మీ, బాళ్లను బొటనవేలితోని ఒత్తి చూసి అన్నిట్ల గట్టిది ఏరిచ్చిన, పోయి నీళ్లల్ల పడ్డది, పోటీల ఆమె ఓడిపోయింది, అందరు నా మొఖమే చూసిండ్రు, బట్టలు సర్దుకున్న, పొద్దటి బస్సుకు వస్తున్న అన్నవ్. నేనొచ్చి గీ బెంచీ మీదనే కూసున్న. పట్నం బస్సులు వచ్చినయి, పోయినయి. నువ్వు దిగలే."

నేత ఇళ్లలో పుట్టినవాళ్లకు ఆ తప్పు ఎలా జరిగిందో విడమరిచి చెప్పనక్కర్లేదు. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో ఒక చిన్న గొట్టం పెడతారు, ఆ కండెకు నూలు బిర్రుగా చుట్టి ఉండాలి. వదులుగా చుట్టిన కండె జారి చిక్కుపడుతుంది. గౌను తొడిగే వయసు నుంచి ఆడపిల్లలు కండె చుట్టగానే బొటనవేలితో ఒత్తి చూస్తారు. గట్టిగా ఉంటే మంచిది, మెత్తగా ఉంటే తిట్లు. నర్సింగమ్మ బొటనవేలికి తెలిసిన న్యాయం అదొక్కటే. దాన్నే పట్నం తీసుకుపోయింది.

"ఎందుకు రాలేదో నువ్వు చెప్పలే, నేనడగలే," అన్నాడు రామచంద్రం. "ఇప్పుడు నా బిడ్డను తోల్కపోతనంటున్నవ్. గిప్పుడు చెప్పు. గాలిల గీతలు గాదు."

నర్సింగమ్మ సాసరు పక్కన పెట్టింది. ఆ సాయంత్రం మొదటిసారి గొంతు తగ్గించింది.

"బట్టల బ్యాగు పట్టుకొని గేటు దాక వచ్చిన. డాక్టరమ్మ కారు దిగింది. నర్సింగమ్మ ఏది, నాకు ఆమెనే గావాలె అంటాంది. అమ్మా, నీ ఆట పోగొట్టిన గదా అన్న. 'నువ్వు బాల్‌ను ఒత్తి చూసినవ్, నా చెయ్యి చూడలే. ఇయ్యాల నా చెయ్యి చూడు. మళ్ల ఏరు' అన్నది. కసురలే. ఇంకొకలను పెట్టుకోలే. పొద్దంత ఆమె ఎనక తిరిగి చెయ్యి ఎట్ల లేస్తాంది, ఎట్ల దిగుతాంది అని చూసిన. మెత్తది ఏరిచ్చిన."

"దాటిందా?"

"దాటింది. ఒడ్డు మీదనే పడ్డది, జరంత అవతల."

రామచంద్రం తలూపాడు. ఆ "జరంత"ను ఆయన నమ్మాడు.

"మా ఇంట్ల పోగు తెగితే మీ బావ ఏమనేటోడో నీకెరుకే," అంది నర్సింగమ్మ. "నా బతుకుల తప్పు చేసినంక మళ్ల ఏరు అన్న మనిషి ఆమె ఒక్కతే. దండం పెడదమంటె పెట్టనియ్యది, గివేం పనులు అంటది. మరి ఈ రుణం నేనేడ దించుకోవాలె? గందుకే పోయినకాడల్ల చెప్త. ఉన్నది ఉన్నట్టు చెప్తే శాన చిన్నగ అనిపిస్తది తమ్మీ. నా పానానికి గది సాలది."

బెంచీల మీది మగవాళ్లు తమ తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు. ఇంట్లో ఎవరితోనైనా ఆ రెండు మాటలు అన్న జ్ఞాపకం ఒక్కరికీ రాలేదు. మైసయ్య కూడా ఊదడం మానేశాడు.

"విమానాలోళ్లకు ఫోన్ చేయించినవ్ గని," అన్నాడు రామచంద్రం మెల్లగా, "గీ ముచ్చట ముందుగాల చెప్తే వారం దినాలు నాకు నిద్ర పట్టేది గదా. అది గెలిచెటి జాగానా కాదా అని గాదే నా ఫికర్. పిల్ల ఏదన్న తప్పు చేస్తే దాన్ని ఏం చేస్తరో అని."

ఆయన లేచి కండువా దులుపుకుని శ్రీలత వైపు తిరిగాడు.

"బిడ్డా, తొలి బస్సు తెల్లారంగనే ఉన్నదట. నిన్న కంట్రోలర్‌ను అడిగి చూసిన."

శ్రీలత గుంజను వదల్లేదు. బాపు చూశాడు. "చూద్దాం" అని, నిజంగా పోయి చూశాడు.

"బస్సు ఫికర్ లేదు," నర్సింగమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్లీ నిటారుగా కూర్చుంది. "ఆ డ్రైవర్ నా మొఖం చూడంది గేరు ఎయ్యడు. ఒకపారి నేను పోవుడు ఆలస్యమైతే బస్సు మా వాకిట్లకే..."

"అక్కా."

"ఆ."

"పోయి పండుకో. వాడు నిన్ను ఇడిచిపెట్టి పోతడు."