సీతారత్నం గంట మోగదు

“పెద్ద గొప్పగా చెప్పుకోవాల్సిందేం కాదు గానీ గీతికమ్మా, ఇరవై ఏళ్ళకే నేను గోదాట్లో ఆవిరి పడవకి సరంగుని!”

అలా మొదలెట్టాడు పట్టాభిరామయ్య. కృష్ణానగర్‌లో భూలక్ష్మి కొట్టు దగ్గర ఉదయం పదింటికి ఆయన ఏదో ఒకటి మొదలెట్టకపోతే టీకి రుచి రాదు. ఆయనకి డెబ్బై రెండేళ్ళు. నలభై ఏళ్ళుగా జూనియర్ ఆర్టిస్టు. సినిమాల్లో ఎన్నో పెళ్ళిళ్ళకి అక్షింతలు వేశాడు, ఎన్నో చావులకి కండువా నోట్లో కుక్కుకున్నాడు గానీ, తెర మీద ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు. ఎదురుగా నోటుబుక్కుతో కూర్చున్న గీతిక అసిస్టెంట్ డైరెక్టరు. వాళ్ళ సినిమాలో మునిగిపోయే చిన్న స్టీమరొకటి ఉంది. దాని సరంగుకి ఒకే ఒక్క డైలాగుంది. పడవలు తెలిసిన ముసలాయన కోసం వెతుక్కుంటూ వచ్చింది. పదిన్నరకి వ్యాను వస్తుంది. ఆయన నచ్చితే ఎక్కించుకుని ఫిల్మ్‌నగర్ స్టూడియోకి తీసుకెళ్తుంది, నచ్చకపోతే ఖాళీగా వెళ్ళిపోతుంది. అందుకే ఆయన రెండు మాటలకోసారి లేచి రోడ్డు చూసొచ్చి మళ్ళీ కూర్చుంటున్నాడు.

“సరంగంటే ఏందయ్యా?” అంది భూలక్ష్మి టీ వడగడుతూ.

“పడవ నడిపేవాడమ్మా. డ్రైవరనుకో. కాకపోతే డ్రైవరుకి రోడ్డు కనపడితే చాలు, సరంగుకి నీళ్ళకింద ఇసుక కనపడాలి. మా పడవ పేరు సీతారత్నం. చిన్నది, అరవై మంది ఎక్కితే కిక్కిరిసిపోయేది. ధవళేశ్వరం నుంచి భద్రాచలం దాకా తిరిగేది. దాని జాతకమే మంచిది కాదు, ముందే చెప్తున్నా. మొదటిరోజు కొబ్బరికాయ కొడితే కాయ పగల్లేదు, పడవ చెక్క పగిలింది! గంటొకటి ఉండేది, బంగారంలా మెరిసేది, ఎంత కొట్టినా మోగేది కాదు. నేనే పక్కన నిలబడి నోటితో ‘టంగు టంగు’ అనేవాణ్ణి. పొగగొట్టంలోంచి బొగ్గు కంపు రాదు, సాంబ్రాణి వాసనొస్తుంది. ఎక్కినవాళ్ళు దండాలు పెట్టుకునేవారు.”

బెంచీ చివర భిక్షం ఉన్నాడు. సెట్లు కట్టే వడ్రంగి. అప్పటిదాకా వినీ విననట్టు ఉన్నవాడు సీతారత్నం పేరు వినగానే గ్లాసు కింద పెట్టాడు.

“గంట మోగకపోవుడేందయ్యా?” అన్నాడు.

“దోషం, భిక్షం, దోషం! మూడు పేర్లు మార్చారు. ఒక పేరుతో మునిగింది, ఇంకో పేరుతో తగలబడింది, మూడో పేరు పెట్టి రంగేసేసరికి మళ్ళీ కొత్త పెళ్ళికూతురే. సరే, ఒకరోజు పట్టిసీమ దాటాక ఇసుకమేట ఎక్కి కూర్చుంది. జనం ఒకటే గోల. నేను దిగి, గెడ ఆనించి ఒక్క తోపు తోశా, కదిలింది. అదేం గొప్ప కాదు, ఇంకో నలుగురు సాయం పట్టారు. అంటే పట్టలేదులెండి, పట్టినట్టు నిలబడ్డారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

ఆయన లేచి రోడ్డు చూసొచ్చాడు. వ్యాను లేదు.

“బొగ్గైపోయింది! చుట్టూ అడవి, చీకటి పడితే పులి. పడవలో ఏముంది? మిరపకాయ బస్తాలు. ఎత్తి బాయిలర్లో పోయించా. అంతే, అమ్మా, ఆవిరికి ఘాటెక్కి పడవ తుమ్మింది! ఒక తుమ్ముకి దేవీపట్నం దాటాం. ఇంకో తుమ్ముకి కొండమొదలు. లోపల పెద్దవాళ్ళేమో ‘తుమ్మింది, అపశకునం, కాసేపు ఆగి మంచినీళ్ళు తాగి వెళ్దాం’ అంటారు. ఎక్కడ ఆగేది? ఆగుదామనేలోపే మళ్ళీ తుమ్ముతుంది!”

“అయితే పులి?” అంది భూలక్ష్మి.

“ఒడ్డు మీద అదీ తుమ్ముకుంటూ కూర్చుంది. అడ్డు రాకు! పాపికొండల మధ్యకొచ్చేసరికి సుడిగుండం. పడవని పట్టుకుని గిరగిరా, గిరగిరా. నేను చుక్కాని పట్టుకుని అది తిప్పేవైపు కాకుండా ఎదురు తిప్పా. జంతిక చుట్ట విప్పినట్టు సుడి మొత్తం విడిపోయి తిన్నగా పడుకుంది. ఇప్పటికీ అక్కడ గోదారి తిన్నగానే ఉంటుంది, కావాలంటే వెళ్ళి చూసుకోండి.”

గీతిక కలం ఆగింది. ఆమె ముఖం చూసి ఆయనకి కంగారు పుట్టింది. కంగారు పుడితే ఆయన గొంతు తగ్గదు, పెరుగుతుంది.

“ఆ తిప్పుడుకి పడవ అడుగున చిల్లు పడిందమ్మా! బొటనవేలు పెట్టి మూశా. మూడు రోజులు! తిండి లేదు, నిద్ర లేదు. రెండోరోజు కింద నుంచి పులస కరిచింది. వేలు తీస్తే పడవ పోతుంది, తియ్యకపోతే వేలు పోతుంది. ఏం చేశానో తెలుసా? వేలితో పాటు పులసనే పైకి లాగేశా!”

“గంత పెద్ద చాప వస్తే రంధ్రం ఇంక పెద్దగైతది గదయ్యా?” అన్నాడు భిక్షం.

“అయింది. ఆ చిల్లులోనే దాని తోక ఇరుక్కుని బిరడాలా బిగిసింది! పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు, వదులుతామా? తోక అలాగే ఉంచి, తలవైపు కోసి అరవై మందికీ పులుసు పెట్టా. కానీ ఆశపోతు వెధవ ఎవడో మర్నాడు ఆ తోక కూడా కోసేశాడు. భళ్ళున నీళ్ళు! పిల్లల ఏడుపు, ఆడవాళ్ళ ఏడుపు. నేను కుడిపక్క నుంచి దూకా. పడవ కిందకెళ్ళి భుజం పెట్టి ఎత్తా. అరవై మందితో సహా రాజమండ్రి రేవు దాకా నడిచొచ్చా. ఒక్కరి కండువా తడిస్తే ఒట్టు!”

“ఎటు పక్క నుంచి దుంకినవ్?” అన్నాడు భిక్షం మెల్లగా.

“కుడిపక్క నుంచి.”

“మంచిగ యాదికున్నదా?”

“ఇప్పుడు దూకినట్టుంది!”

“కుడిపక్క లేకుండె గదయ్యా.”

భూలక్ష్మి వడగట్టడం ఆపింది.

“సీతారత్నం పడవను కట్టింది నేనే, మేడం,” అన్నాడు భిక్షం. “స్టూడియోల సెట్టది. కెమెరా ఎడమదిక్కు ఉంటది, కుడిపక్క ఎందుకు దండుగ అన్నరు. గంట కర్రది, చెక్కి బంగారు రంగేసిన. పొగ సాంబ్రాణిదే. నీళ్ళు మోకాళ్ళ దాంక. మూడు సినిమాలకు మూడు పేర్లు రాసిన. ఒకదాంట్ల ముంచిండ్రు, ఒకదాంట్ల కాలవెట్టిండ్రు, ఆఖరుకు చెదలు తిన్నయ్. ఈయన పైన శాలువ కప్పుకొని కూసునేటోడు. కుడిదిక్కు జరగకయ్యా, కింద పడ్తవ్ అని నేనే రెక్క వట్టి గుంజిన.”

భూలక్ష్మి నవ్వాపుకోలేకపోయింది. పట్టాభిరామయ్య చెవులు ఎర్రబడ్డాయి.

“అవును, సెట్టే!” అన్నాడు. “నలభై రోజులు దాని మీద కూర్చున్నా. సరంగు వేషం వేసినవాడు నా పక్కనే నిలబడి డైలాగు చెప్పేవాడు. వాడు తప్పు చెప్పినప్పుడల్లా నాకది కంఠతా వచ్చేది. ఒక్కసారి నన్ను చెప్పమంటే బాగుండునని రోజూ అనుకునేవాణ్ణి. సిగ్గు లేకుండా చెప్తున్నా, ఇప్పటికీ అదే ఆశ.”

గీతిక నోటుబుక్కు మూసింది. “గంట మోగదన్నప్పుడే నాకు డౌటొచ్చిందండీ,” అంది. “కానీ మా సరంగు చెప్పేది కూడా అబద్ధమే. పడవ మునుగుతుంటే జనంతో, ‘భయం లేదు, ఒడ్డు దగ్గరే ఉంది’ అనాలి. నిజం సరంగులు ముగ్గురు దొరికారు, ముగ్గురూ చెప్పారు. ఒక్కళ్ళనీ నమ్మబుద్ధి కాలేదు. మీరు చెప్పండి.”

ఫోను ఎత్తి పట్టుకుంది. “యాక్షన్!”

పట్టాభిరామయ్య లేచాడు. చెయ్యెత్తాడు. కళ్ళు పెద్దవయ్యాయి, పెదాలు చక్కగా కదిలాయి. మాట మాత్రం బయటికి రాలేదు.

“అయ్యా, గొంతు ఏడికి పాయె?” అంది భూలక్ష్మి.

“ఇంకోసారండీ. యాక్షన్!”

మళ్ళీ పెదాలే కదిలాయి. అప్పుడు ఆయనకే అర్థమైంది. గుంపులో నిలబడేవాళ్ళకి మొదటిరోజే నేర్పుతారు: యాక్షన్ అనగానే మాట్లాడుతున్నట్టు పెదాలాడించాలి, చప్పుడు మాత్రం రాకూడదు, వస్తే హీరో డైలాగు పాడవుతుంది. ఒక్కసారి చప్పుడు చేసినందుకు ఆయన్ని సెట్లోంచి పంపించేశారు కూడా. నలభై ఏళ్ళ అలవాటు.

“నావల్ల కాదమ్మా,” అని బెంచీ మీద కూలబడ్డాడు. గొంతు అప్పుడు వచ్చింది, అదీ సన్నగా. రోడ్డు మీద వ్యాను హారన్ కొట్టింది.

గీతిక బ్యాగు తీసుకుంది. భిక్షం ఆమెకి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

“జర ఆగుండ్రి మేడం. యాక్షన్ అనకుండ్రి, ఫోను గట్లనే పట్టుండ్రి.” ఆయన వైపు తిరిగాడు. “పట్టాభయ్యా, చాప తోక కోసిండ్రు. నీళ్ళొస్తున్నయ్. అరవై మంది ఏడుస్తుండ్రు. ఆ తర్వాత ఏమైంది?”

ముసలాయన తలెత్తాడు.

“ఏమవుతుంది? ఏడవకండి! భయం లేదు, ఒడ్డు దగ్గరే ఉంది! రాకపోతే నేనే లాక్కొస్తా!”

ఆ కేకకి రోడ్డవతల ఆటో ఆగింది. వ్యాను డ్రైవరు తల బయటపెట్టి ఏ ఒడ్డా అని చూశాడు. గీతిక గబగబా వెళ్ళి వ్యాను తలుపు తీసి పట్టుకుంది.

“ఎక్కండి. కానీ ఆ చివరి ముక్క స్క్రిప్టులో లేదండీ.”

“పడవకి కుడిపక్క కూడా లేదు కదమ్మా,” అన్నాడు పట్టాభిరామయ్య వ్యాను ఎక్కుతూ. “నలభై రోజులు నడవలేదూ?”