నాయిన మోకు

బహ్రెయిన్‌లో, జల్లాఖ్ దగ్గర ఒక ఖర్జూర తోట. ఫిబ్రవరి ఆఖరు, పొద్దున్న. సామాన్ల షెడ్డు ముందు లింబాద్రి, అతని అక్క కొడుకు నర్సింగ్. లింబాద్రి చేతిలో రెండు ముక్కలైన మోకు, చెట్టెక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే తాడు.

"నిన్నటి సంది అడుగుతున్న నర్సింగా, నోరు మూసుకుంటె కాదు. ఇటు చూడు. చూడు! ఇది ఎలుక కొరికిందా? కొడవలి పెట్టి కోసిండ్రు. నున్నగ కోసిండ్రు."

"చూస్తున్న మామా."

"చూస్తున్నవా? నాలుగు దినాల్ల పని ఖలాస్ కావాలె. ఆడచెట్ల గెలలు పగిలి నోరు తెరుసుకొని ఉన్నయ్. పోతుచెట్టు పూత తెచ్చి అండ్ల కట్టకపోతె ఈ ఏడు కాయ నిల్వదు. శివరాత్రికి చలి శివశివా అని పోయె. ఇగ ఎండలు మోపైతయ్. సరిగ్గ ఇప్పుడే, చెట్టెక్కే యాళ్లకే, నా మోకు కోసిండ్రు!"

"పోతె పోనీ. కొత్తది తెస్త. పొద్దుమీకి గుదైబియా బజారుకు పోయే బండి ఉన్నది."

"కొత్తదా? బజార్ల కొన్న తాడు మీద పానం పెట్టాల్నా? ఇది మా నాయిన మోకురా. ముప్పయ్యేండ్లు దీన్ని నడుముకు చుట్టుకొని కల్లు గీసిండు. ఈతచెట్టు మీదికెళ్లి పడి సచ్చిననాడు గూడ ఇది తెగలే. కాలు జారింది గని మోకు తెగలే!"

"ఐతె నిచ్చెన తెస్త."

"నిచ్చెన! నిచ్చెనేసుకొని ఎక్కుతె తోట ఆసామి, మన కఫీల్ నవ్వడా? చెట్టెక్కేటోడు కావాలనే గదా నాకు వీసా ఇచ్చింది. పదకొండేండ్లాయె. ఒక్కనాడు నిచ్చెన ముట్టిన్నా?"

"ఐతె నేనెక్కుత."

"నువ్వా? మోకు ముడి ఏసుడు వచ్చునా నీకు?"

"నేర్పినవా? మూడేండ్లాయె నేనొచ్చి. చెట్టు ముట్టనిచ్చినవా? గంప అందియ్యి, పైపు గుంజు, టమాట నారు పెట్టు... ఇదే గదా నా డ్యూటీ."

"అగో! బయటవడ్డది. కడుపుల మంట బయటవడ్డది. అందుకే కోసినవ్!"

"నేనెందుకు కోస్త?"

"షెడ్డు తాళం చెవులు రెండే. ఒకటి నీ తాన, ఒకటి నా తాన. మరి ఎవడు కోసిండు, దయ్యమా?"

"నువ్వే చెప్పు."

"ఏందిరా ఆ మాట?"

"ఏం లేదు. మొన్న ఏడో చెట్టు మీద ఎంతసేపున్నవ్ మామా?"

"పనుంటె ఉండమా?"

"పనేం జెయ్యలే. చెట్టును కరుసుకొని ఉన్నవ్. మామా, మామా అని పిల్సిన. పలుకలే."

"గాలొచ్చింది."

"ఆకు మెదలలే."

"గాలొచ్చిందంటున్న గదరా! చెట్టు మీదున్నోనికి తెలుస్తదా, కింద గంప పట్టుకున్నోనికి తెలుస్తదా?"

"దిగినంక నీళ్ల సీస మూత తియ్యరాలే నీకు. నేను తీసిచ్చిన."

"మాట మార్చకు! మోకు సంగతి చెప్పు."

"కాలు వణికింది మామా. నేను చూసిన."

"నర్సింగా! కల్లు గీసినోని కొడుకును పట్టుకొని కాలు వణికిందంటవా? మీ అమ్మ మొఖం చూసి నిన్ను ఈడికి పిలిపిచ్చుకున్న. తిన్నింటి వాసాలు లెక్కపెట్టుడంటె ఇదే. ఇంకొక్క మాటంటె పండ్లు రాలుతయ్!"

"రాలగొట్టు."

"పద. పద కఫీల్ తానికి. వీడే కోసిండని నీ ముంగటే చెప్త. ఇంటికి తోలిపిస్త. యల్లా, నడు!"

"నడుసుడెందుకు. తెల్లారంగనే పోయొచ్చిన."

"యాడికి?"

"కఫీల్ తానికి."

"ఏం జెప్పినవ్‌రా? నా కాలు సంగతి చెప్పినవా? చెప్పినవా ఏంది?"

"నీ కాలు సంగతి నేనెందుకు చెప్త? మోకు ఎవడో కోసిండని నిన్న నువ్వే పోయి చెప్పినవట గదా. ఎవడని నన్నడిగిండు. నేనే కోసిన్నని చెప్పిన."

"ఏందీ?"

"నేనే కోసిన్నని చెప్పిన. మస్తు తిట్టిండు. ఈ నెలల ఇంటికి పంపిస్తనన్నడు."

"పంపిస్తనన్నడా? ఊకె బెదిరిచ్చిండా, నిజంగనే అన్నడా?"

"నిజంగనే. టికెట్ తియ్యమని డ్రైవర్‌కు నా ముంగటనే చెప్పిండు."

"అరే... నేను ఊకె అన్నరా. కోపంల నాలుగు మాటలంటె... నీకు సోయి ఉన్నదా?"

"నాకు ఇర్వై ఆరేండ్లు. ఇంకో వీసా దొరుకుతది. నీకు యాభై ఆరు. చెట్టెక్కలేనోన్ని కఫీల్ ఎన్ని దినాలుంచుకుంటడు? ఊరికి పోయి ఏమని చెప్పుకుంటవ్?"

"నీ దయ నాకెందుకురా! పాగల్ గాడిదా! నడు, ఇప్పుడే పోయి అబద్ధమాడిన్నని చెప్పు! కొయ్యని మోకును కోసిన్నని ఎట్ల ఒప్పుకున్నవ్‌రా?"

"నేను కొయ్యలేదని నాకెరుక. నీకెట్లెరుక, మామా?"