మలుపుకాడ బండి సప్పుడు

"తాతా, షెడ్డు కాళీగా ఉన్నాదేటి? బండేదీ?"

అడిగీసినావా. గుమ్మం ఎక్కకముందే అడుగుతావనుకున్నాను, కాల్లు కడుక్కునేదాకా ఆగినావు, నయమే. కూకో గుంటా. ఆ పోను నా నోటికాడ ఎట్టకు, ఆ గట్టు మీద ఎట్టు. ముసిలోల్ల ముచ్చట్లు రికార్డు సేసి తెమ్మన్నారు కాలేజీలో అన్నావు, మీ తాత సేపలమ్మిన కతలు సెప్తాడనుకున్నావు. ఇదా మొదుట అడగడం? సరే, అడిగినావు కాబట్టి ఇను. నీ కాడ దాసీదేటున్నాది.

బండి నేదమ్మా. అమ్మీసినాను. రొండు నెల్లయ్యింది. జైపూరంట, రాజస్తానం. నువ్వు పటంలో సూసుంటావు, నాకు తెలీదు. అక్కడ సముద్రం ఉండదంట, ఇసకే అంట. నలబయ్యేల్లు సేపల నీల్లు కారిన బండి, ఆ ఎండిసకలో ఏటి సేస్తన్నాదో.

అది కొన్ననాడు మీయమ్మ సంకలో పిల్ల. కాదు కాదు, మీయమ్మ అప్పటికి నడస్తన్నాది, మీ మావ కడుపులో ఉన్నాడు. నరసన్నపేటలో ఒక ఇంజినీరుగారికి బదిలీ అయ్యి, బుల్లెట్టు అమ్ముతారంటే ఎల్లినాను. అప్పుడు పెట్రోలు లీటరు ఏడో ఎనిమిదో. నవ్వకు, ఆ ఏడే మాకు ఎక్కువ. నా కాడున్నది దాని రేటులో సగానికి కూడా రాదని తిరిగి వచ్చీసినాను. వస్తే మీ అమ్మమ్మ నూకాలు అరుగు మీద కూకోని రొండు కాల్ల కడియాలూ ఊడదీసి నా ఒల్లో ఏసింది. ఎండి కడియాలు, ఆల్లమ్మవి. "సైకిలు మీద గంపలు ఎత్తుకోని నువ్వు సంతకి ఎల్లీసరికి సేపలు మెత్తబడిపోతన్నాయి, బండి కొనుక్కో" అన్నాది. అదీ బండి. నా బండి అంటారు అందరూ గానీ, మీ అమ్మమ్మ కాల్ల కడియాలమ్మా అది.

అప్పట్నుంచి తెల్లారగట్ల ఒడ్డున సేపలు ఎత్తుకోడం, ఎనక రొండు గంపలు, మీద అయిసు, మీద తడి గోనె. వంజరాలు, సందవలు లాటి కరీదు సేపలుంటే నరసన్నపేట, నెత్తల్లు, కవల్లు లాటి సిన్నవైతే పల్లెలెంట. తిరిగి వచ్చీసరికి ఒకోపాలి మజ్జాన్నం రొండు, ఒకోపాలి పొద్దుగూకీసీది. ఊరి మొదుట ఆ మలుపున్నాది కదా, సిమిటీ కొట్టుకాడ, అక్కడ గేరు తగ్గించాలి. తగ్గిస్తే బండి ఒకపాలి గుబగుబమని, మరి నిదానంగా డుగ్గు డుగ్గుమంతాది. ఆ సప్పుడికి మీ అమ్మమ్మ లేస్తాది. నాను ఇంటికాడ దిగీసరికి గుమ్మంలో సెంబుతో నీల్లు, లోపల రొండు కంచాలు. రొండూ ఒకే పాలి వడ్డించీది.

ఏల రొండంటావా? అదే సెప్తన్నాను, ఆగు. సముద్రం మీద బతికినోల్ల ఇల్లల్లో ఒక పద్దతున్నాది. మగోడు నీటి మీద ఉంటే ఇంటిది నోట్లో ముద్ద ఎట్టదు. తెప్ప ఒడ్డు తగిలినాక, మనిషి కంటబడినాకే తింటాది. ఆల్లమ్మ అలగే బతికింది, దీనికీ అదే నేర్పింది. నానేమో సముద్రం మీద లేను కదా, తారు రోడ్డు మీద ఉన్నాను! ఎన్నిపాల్లు తిట్టినానో. "ఒసే, బండి మీద ఎల్లినోడికి కూడా పస్తేటే, తినీయే" అని. "నువ్వెల్లిన కాడ నుంచి నాకు ఆకలెయ్యదు. మలుపుకాడ సప్పుడు ఇంటేనే ఆకలేస్తాది" అనీది. ఒకపాలి రణస్తలం కాడ టైరు పేలిపోయి మర్నాడు వచ్చినాను. ఓలమ్మ, అప్పటిదాకా పచ్చి మంచినీల్లు ముట్టనేదు. కొడదామని సెయ్యెత్తినాను, ఏడుపొచ్చీసింది. ఇద్దరం ఒక కంచంలో తిన్నాం ఆ దినం.

దాని సంగతి నీకు తెలుసు కదా, మూడేల్లయి బుర్ర పోతన్నాది. మొదుట కూరలో ఉప్పు మర్సిపోయింది. మరి ఈది పేరు. మరి మీ మావని సూసి, ఆల్ల తమ్ముడనుకున్నాది. ఆకర్న నన్ను. ఒక దినం నా మొకం సూసి "ఎవులు బాబూ, ఎవుల కోసం వచ్చినారు" అన్నాది. సికాకుళం డాక్టరు, ఇది మల్లీ వచ్చీది కాదు తాతా, జాగ్రత్తగా సూసుకోండి, తిండి మాత్రం తప్పకుండా ఎట్టండి అన్నాడు.

తిండికి ఏటీ లోటు నేదమ్మా అప్పుడు. నాను యాపారం మానీసినా, పొద్దుగూకితే బండి తీసి మలుపుకాడ టీ కొట్టుకి ఎల్లి వచ్చీవోడ్ని. వచ్చి దిగితే ఇది రొండు కంచాలు ఎట్టీది. నన్ను గుర్తుపట్టీది కాదు గానీ, నా ఎదురుగా కూకోని బుద్దిగా తినీసీది. మేమేటనుకున్నాం? పొద్దుగూకితే దానికి ఆకలేస్తాది, అలవాటు అనుకున్నాం. మీ అత్తా అదే అనుకున్నాది, నానూ అదే. పొద్దుకి తింతాది అనుకున్నాం గానీ, సప్పుడికి తింతాదని ఒక్క ఎదవకి తట్టనేదు.

మరి నా మోకాలు. కిక్కు కొట్టడానికి సరిగ్గా లేవదు. పెద్ద పండక్కి ముందు, కాదు, ఆ వానలప్పుడు, ఇసక మీద జారి బండి నా మీద పడింది. మీ మావ ఎత్తి, "నాన్నా, ఇంక సాలు, ఎవులికైనా ఇచ్చీ" అన్నాడు. ఆడికి దాని కిక్కు రాదు. పోటో తీసి పోనులో అమ్మకానికి ఎట్టినాడు. బేరం కుదిరీదాకా నాను పొద్దుగూకితే ఎలగో కిక్కు కొట్టి టీ కొట్టుకి ఎల్తానే ఉన్నాను. ఊర్లో అడిగినోల్లు అందరూ ఇనప కొట్టుకి ఏసీదానికి అడిగినోల్లే. ఆ జైపూరోడు మాత్రం పాత బుల్లెట్లంటే ప్రాణమంట, హిందీలో మీ మావతో గంట మాటాడినాడు. ఇంజిను సప్పుడు ఇనిపించమన్నాడు.

ఇదిగో, ఇక్కడ ఇను. మిట్టమజ్జాన్నం అది. ఎండ మండిపోతన్నాది. మలుపు దగ్గర నీడ ఉన్నాదని, మీ మావ బండి అక్కడికి తోసుకెల్లినాడు. నాను కిక్కు కొట్టినాను, ఎలగో అయిదో పాలికి అందుకున్నాది. మీ మావ పోను సైలెన్సరు కాడ ఎట్టినాడు. ఆ జైపూరోడు అక్కడ "అచ్చా, అచ్చా" అంటన్నాడు. సరే అమ్మీసాం అనుకోని, బండి మీదే మలుపు తిరిగి ఇంటికి వచ్చినాను. వస్తే గుమ్మంలో నూకాలు. సేతిలో నీల్ల సెంబు. లోపల రొండు కంచాలు. మిట్టమజ్జాన్నం!

నాను నవ్వినానే గుంటా. నవ్వినాను. "ఇదేటే, పొద్దు కూడా మర్సిపోనావా, ఎల్లు లోపలికి" అని సెంబు లాక్కున్నాను. దేవుడు కంటి ముందర ఏలెట్టి సూపించినాడు, నాను గుడ్డెదవని, నవ్వీసినాను.

మర్నాడే సికాకుళం రోడ్డు స్టేషనుకి వేనులో ఎక్కించినాం. పార్సిలు ఆపీసులో బండిలో సుక్క పెట్రోలు ఉండకూడదన్నారు. ట్యాంకు కింద గొట్టం ఇప్పి సీసాలోకి వంచినాను. సగం సీసా వచ్చింది. మరి ప్యాకింగు సేసీ ముసలాయన గడ్డి సుట్టి, గోనెలు ఏసి, దబ్బనంతో కుట్టడం మొదులెట్టినాడు. సక్రాలు కుట్టినాడు, ట్యాంకు కుట్టినాడు. ఆకర్న లైటు మీద గోనె కప్పుతుంటే, "బాబూ, మొకం వదిలీ" అన్నాను. ఆయన ఆగి, "గాజు పగిలిపోతాది మావా, కప్పాలి" అని మెల్లిగా సెప్పినాడు. మంచోడు. శవాన్ని సుట్టినట్టు సుట్టీసినారమ్మా. గోనె మీద జైపూరు పేరు రాసినారు. నాను ఒకపాలి సెయ్యేసి రాసినాను, అంతే. ఆ సగం సీసా పెట్రోలు ఇంటికి తెచ్చినాను. ఆ అటక మీదున్నాది సూడు.

ఆ దినం పొద్దుగూకింది. మీ అత్త అన్నం ఎట్టింది. నూకాలు కంచం ముందర కూకోదు. ఎల్లి గుమ్మంలో కూకున్నాది. రోడ్డు కేసి సూపు. "తినమ్మా" అంటే, "మా ఆయన రానేదు" అన్నాది. నాను పక్కనే ఉన్నాను! "నానే కదే నీ మొగుడ్ని, వచ్చీసినాను, తినీ" అన్నాను. నా మొకం సూసి సిగ్గుపడి పైట సరిదుద్దుకున్నాది. "తప్పు బాబూ, అలగ అనకూడదు. ఆయన బండి మీద వస్తాడు" అన్నాది.

రొండో దినమూ అంతే. మూడో దినం ఎవులో బుల్లెట్టు మీద ఈదిలోంచి ఎల్లినారు. గబుక్కున లేచింది. సెంబు తీసింది. మరి సెవి ఒగ్గి ఇన్నాది, "ఇది మనది కాదు" అని మల్లీ కూకున్నాది. అప్పుడమ్మా, అప్పుడు నాకు తెలిసింది. సేతులు కాలినాక.

జైపూరికి పోను సేయించినాను. మీ మావ కాల్లా ఏల్లా పడినట్టు బతిమాలినాడు, బండి తిరిగి పంపించీ బాబూ, ఎంతంటే అంత ఇస్తాం అని. ఆడు పాపం మంచోడే. ఇంజిను మొత్తం ఇప్పీసినాను, కొత్త సామాన్లు ఏస్తన్నాను అన్నాడు. మా కత ఇని, ఎంటనే బిగించడం మొదులెట్టి, పదిహేను దినాలకి స్టార్టు సేసి పోనులో ఇనిపించినాడు. నూకాలు సెవికాడ ఎట్టినాం. కొత్త సైలెన్సరు, కొత్త పిస్టను. సన్నగా, నున్నగా ఉన్నాది సప్పుడు. ఇది ఇని, "ఎవుల బండో" అన్నాది. ఆ మిట్టమజ్జాన్నం మీ మావ పోను ఎట్టినాడు కదా, జైపూరోడికి ఇనిపించడానికి, ఆ సప్పుడైనా దాయనేదు ఎవులూ. నువ్వు నా మాటలు దాస్తన్నావు, దాయాల్సింది అది.

పొద్దున్నా మజ్జాన్నం మీ అత్త దాని నోరు తెరిపించి రొండు సెంచాలు గంజి పోస్తాది. అంతే. దాని సెయ్యి సూసినావా, పుల్ల. ఈ వారం డాక్టరు, ఇలగే ఉంటే ముక్కులోంచి గొట్టం ఎయ్యాలి అన్నాడు. బండికి గొట్టం ఇప్పినాను, దానికి గొట్టం ఏస్తారంట.

ఒక దినం ఏటి సేసినానో సెప్పనా? నవ్వితే నవ్వు. ఎవులూ లేకుండా సూసి మలుపుకాడికి ఎల్లినాను. ఎల్లి, నోటితో, డుగ్గు డుగ్గు డుగ్గు అనుకుంటా, కుంటుకుంటా వచ్చినాను. డెబ్బయ్యారేల్ల ముసలోడ్ని. టీ కొట్టోడు సూసి తల తిప్పుకున్నాడు. గుమ్మంలో అది కూకోని నన్ను సూసింది. శాన సేపు సూసింది. గుర్తుపట్టీసింది అనుకున్నాను. మీ అత్తని కేకేసి, "ఒలే, ఎవులో పిచ్చి ముసలాయనలా ఉన్నాడు, పాపం ఎప్పుడు తిన్నాడో, అన్నం ఎట్టు" అన్నాది. దాని కంచం తెచ్చి నా ముందర ఎట్టింది. "నువ్వు తినీ బాబూ. నాను మా ఆయన వచ్చినాక తింతాను" అన్నాది.

తిన్నానమ్మా. ఏటి సేస్తాను. తినకపోతే దాని మొకం సిన్నబోతాది. అప్పట్నుంచి దినమూ అంతే. మలుపు దాకా ఎల్తాను, డుగ్గు డుగ్గుమంటా వస్తాను, ఒక దినమైనా తెలుస్తాదేమోనని. అది నాకు అన్నం ఎడతాది. నాను దాని అన్నం తింటన్నాను, అది రోడ్డు సూస్తన్నాది.

నువ్వు ఏడవకు. పోను ఆపీ. రేపు నీకూ పెల్లవుతాది, మంచోడే దొరుకుతాడు. నా దీవెన ఇదొక్కటే తల్లీ, ఎవుల సప్పుడు కోసమూ కంచం ముందర ఆగకు. ఆకలేస్తే తినీ. కడుపు నిండా తిను, సల్లగా ఉండు.

పొద్దుగూకతన్నాది. ఆ కర్ర ఇలా ఇయ్యి, మలుపుకాడికి ఎల్లాలి. ఇన్నావా, లోపల్నుంచి అడుగుతన్నాది, "ఆ ముసలాయన ఇంకా రానేదేటి, అన్నం సల్లారిపోతన్నాది" అని. వస్తన్నానే… వస్తన్నాను…