మిషను కింద దుప్పటి

సామాన్లు దించిన లారీ వెళ్లిపోయింది. కొత్త ఇంటి ముందుగదిలో తల్లి తన కుట్టుమిషను కిందికి పాత దుప్పటి నాలుగు మడతలు వేసి తోస్తోంది. కూతురు నడుం మీద చేతులేసుకుని చూస్తోంది.

"అమ్మా, దుప్పటెందుకు?"

"చప్పుడు కిందివాళ్లకి వినబడకుండా."

"కింద ఎవరున్నారే? మనం దిగింది నేలమీది ఇంట్లో. కింద ఉన్నది మట్టి!"

"అవును కదూ! నా మతి మండా. ఆరేళ్ల అలవాటు."

"ఆరేళ్లూ నన్ను పిల్లిలా నడిపించావు."

"మరి? చెంచా జారితే చాలు, ఆ పాతింట్లో కిందివాటా ఆయన కర్రతో పైకప్పు పొడిచేవాడు. మనల్ని ఖాళీ చేయించేదాకా నిద్రపోలేదు."

"పోనీలే, పీడ విరగడైంది. ఆ దుప్పటి లాగేసి గట్టిగా తొక్కు."

"పక్కింటివాళ్లు ఏమన్నా అంటే?"

"అన్నప్పుడు చూద్దాం. తొక్కు తల్లీ!"

"అబ్బ! దీని గొంతు ఇంత పెద్దదా? ఇన్నాళ్లూ నోరు నొక్కేశాను పాపం."

"ఆగాగు. ఎవరో తలుపు కొడుతున్నారు."

"నే చెప్పలా? వచ్చి గంట కాలేదు, అప్పుడే! ఆపేశానని చెప్పు. ఇంక కుట్టనని చెప్పు."

"కంగారుపడకు, చూసొస్తా."

కూతురు తలుపు దగ్గర కాసేపు మాట్లాడి వచ్చింది.

"పక్కింటావిడ. మిషను చప్పుడు విని వచ్చిందట."

"అయిపోయింది!"

"చేతిసంచి జిప్పు ఊడి, నెల నుంచీ పిన్నీసుతో నెట్టుకొస్తోందట. ఈ వీధిలో కుట్టేవాళ్లే లేరట. కుడతావా అని అడుగుతోంది... అమ్మా, ఏడుస్తున్నావా?"

"నోర్మూసుకుని ఆవిణ్ణి లోపలికి పిలు. కుర్చీలింకా విప్పలేదు కదా, ఆ దుప్పటి పరుచు."